పసుపు నాలుక

కొమ్మరపాలెం మార్కెట్ యార్డులో పున్నారావు వేలం పాట మొదలుపెడితే రేకుల షెడ్డు మీది పావురాలు లేచి పక్క ఊరికి వలస పోయేవి. కమిటీవాళ్ళు ఒకసారి మైకు కొనిపెడితే, "నా నోటికి మైకు పెట్టటమంటే సముద్రానికి కుళాయి బిగించటమేనయ్యా" అని దాన్ని టీకొట్టువాడికి దానం చేసేశాడు. ఆయనకి సంగీతం రాదు. "నాకు రాగం లేదు గాని పాట ఉంది. పాడేది వ్యాపారి, పాడించేది నేను, చివరికి పాడయ్యేది రైతు" అనేవాడు. రైతులు నవ్వేవాళ్ళు. వ్యాపారులూ నవ్వేవాళ్ళు, నవ్వుతూ నవ్వుతూ ఏమరుపాటున ధర ఇంకాస్త పెంచేవాళ్ళు. అందుకే పసుపు కుప్ప పోసుకున్న ప్రతి రైతూ ముందుగా ఆయన భుజం మీద చెయ్యేసి, "నా కుప్ప కాడ మంచిదొకటి ఎయ్యి పున్నారావన్నా" అని చెప్పుకొనేవాడు.

అలాంటి నాలుక అంచున మెంతిగింజంత పుండు లేచింది. మెంతిగింజ చేదెక్కింది. పెద్దాసుపత్రి డాక్టరు పరీక్షలన్నీ చూసి, "ప్రాణం కావాలా, నాలుక కావాలా?" అన్నాడు.

"నా దగ్గర అవి రెండూ విడివిడిగా లేవు సార్" అన్నాడు పున్నారావు.

ఆ నాలుక ఆడిన ఆఖరి మాట అదే.

తర్వాత పలక వచ్చింది. జోకు అంటే మూకుట్లోంచి తీసిన బజ్జీ లాంటిది. పలక మీద రాసి, తిప్పి, ఎదుటివాడు కళ్ళజోడు తగిలించుకొని చదివేలోగా చల్లారి సాగుతుంది. పున్నారావు రాస్తూనే ఉన్నాడు. జనం మర్యాదకి నవ్వుతూనే ఉన్నారు. అంతకంటే ఏడుపు ఏముంటుంది? ఆ ఏడు యార్డులో టీకొట్టు నుంచి మైకు వెనక్కి తెప్పించారు. ఎవరో అంకెలు చదివాడు, ఎవరో తూకం వేశాడు, పసుపు అమ్ముడుపోయింది. పావురాలు మాత్రం హాయిగా షెడ్డు మీదే కూర్చున్నాయి.

*

పున్నారావు భార్య ఝాన్సీ మొక్కల పరిశోధనా కేంద్రంలో శాస్త్రవేత్త. పసుపు రైతు ఇంట పుట్టింది. పున్నారావుకి మేనమామ కూతురు, అందుకే ఎన్ని డిగ్రీలు వచ్చినా మొగుణ్ణి "బావా" అనే పిలిచేది. ఆవిడ చదువంతా మట్టిలోపలి కాండాల మీద: పసుపు, అల్లం, కంద, చేమ. "మా ఆవిడది భూగర్భ శాస్త్రం. పైకి ఏమీ కనపడదు, లోపల మాత్రం ఊరుతూనే ఉంటుంది" అని పున్నారావు నోరున్న రోజుల్లో చుట్టాలకి పరిచయం చేసేవాడు.

ఒక సాయంత్రం ఆవిడ వంటింట్లో పచ్చి పసుపు కొమ్ము ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"చూడు బావా. అందరూ దీన్ని వేరనుకుంటారు. వేరు కాదు, కాండం. మట్టిలో పడుకున్న కాండం. ఈ గీతలున్నాయే, కణుపులు. కణుపుకో పొర, పొర కింద ఓ కన్ను." చాకుతో కొమ్ముని మూడు ముక్కలు చేసింది. "వేరుని కోసి పాతితే కుళ్ళిపోద్ది. దీన్ని కోసి పాతితే కన్నున్న ప్రతి ముక్కా ఇంకో మొక్కవుద్ది. పువ్వు పుయ్యక్కర్లా, గింజ కట్టక్కర్లా, తేనెటీగని బతిమాలక్కర్లా. తనలోంచి తనే మళ్ళీ పుడుద్ది."

పున్నారావు పలక అందుకున్నాడు. 'వేరు కాదు' అని రాసి, దాని కింద 'మనలాగా' అని రాశాడు.

ఝాన్సీ ఆ పలక వంక చూసింది. ఎన్నేళ్ళయింది ఇలా ఒక్క మాటలో ఇద్దరూ పట్టి! "నీ నాలుకని మొలిపిస్తా బావా" అంది.

ఆపరేషన్ నాడే జబ్బు తగలని కుడివైపు కండ ఒక చిన్న ముక్కని ఆవిడ అడిగి తీసుకొని ల్యాబులో చల్లగా దాచింది. పసుపు మొక్క తన కాండానికి 'ఇక్కడ లావెక్కు, ఇక్కడ కన్ను పెట్టు' అని చెప్పే రసాయనాన్ని అప్పటికే ఏళ్ళ తరబడి వడగట్టి, కుందేలు చెవి కండ మీద పని చేయించి ఉంది. డైరెక్టర్ రంగనాయకులు కాగితాలన్నీ చదివి, ప్రమాదం గురించి ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. "ఇది అచ్చయితే పేరు ముందు ఎవరిది ఉంటుందమ్మా?" అని మాత్రం అడిగాడు. "మీదే సార్" అంది ఝాన్సీ. అనుమతి వచ్చేసింది.

బలమైన తల్లి దుంపకి కిటికీ కోసినట్టు కోసి, అందులో ఆ కండ ముక్కని కూర్చోబెట్టి, మైనంతో మూసి, ఇసుక తొట్టిలో పాతింది. ల్యాబు క్యాలెండర్ ప్రకారం అది జూన్. ఆవిడ చేతులకి మాత్రం అది మృగశిర కార్తె. తొలకరి పడ్డాక పాతటం ఆ చేతులకి పుట్టుకతో వచ్చింది. తొట్టిలోంచి ఆకు లేచింది, ముచ్చటగా పొడుగు సాగింది. శ్రావణంలో మట్టి తొలిచి చూస్తే, తల్లి దుంప చుట్టూ మామూలు పిల్ల కొమ్ముల మధ్య ఒక కొమ్ము తడిగా, మెత్తగా, ఎరుపు కలిసిన పసుపు రంగులో ఉంది. చల్లటి చెంచా తగిలిస్తే వెనక్కి ముడుచుకుంది.

తల్లి దుంపని నొక్కి చూసింది ఝాన్సీ. లోపల ఏమీ లేదు, తోలు మిగిలింది. ఉన్నదంతా పిల్లకి పెట్టేసింది.

*

ఆ కొమ్ముని పెద్దాసుపత్రిలో పున్నారావు నోట్లో పెట్టి కుట్టారు, దసరా వెళ్ళేసరికి కుట్లు మానాయి. పున్నారావు కొత్త నాలుక మొదట వడగళ్ళు నమిలినట్టు గరగరలాడింది, తర్వాత దారికొచ్చింది. ఒకరోజు పొద్దున్నే అద్దంలో నోరు తెరుచుకొని, దాని అంచున వరసగా ఉన్న చిన్న చిన్న బుడిపెల్ని చూసి కేక పెట్టాడు.

"ఝాన్సీ! ఇన్నాళ్ళూ నాకు కళ్ళు నెత్తికెక్కాయనేవాళ్ళు గదే! ఇప్పుడు నోట్లోకి దిగినయ్యి!"

ఝాన్సీ స్టవ్ మీద పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడిపోయింది. పాలు పొంగిపోయాయి. పోనీ, శుభమే.

ఇంట్లో అన్నిటికీ పసుపు రుచే. కాఫీ పసుపు, పెరుగు పసుపు, పెళ్ళాం చేసిన సేమ్యా పాయసం పసుపు. ఝాన్సీ తమ్ముడు సాంబయ్య చూడటానికొచ్చి, "బావా, మా పొలమంతా నీ నోట్లో పెట్టుకున్నావే! శిస్తెవరు కడతారు?" అన్నాడు.

"నీ దుంప తెగ!" అన్నాడు పున్నారావు ఆనందంగా.

"దుంప తెగబట్టే గదా బావా నువ్వు మాట్టాడుతున్నావు!"

నలుగురూ నవ్వారు. వీధిలో పోయేవాళ్ళు ఆగి, లోపలికి వచ్చి మరీ నవ్వారు. ఆ రెండు నెలలూ ఆ ఇంట్లో జరిగిన మాటల వర్షానికి గోడలు నానకపోవటమే విచిత్రం.

పుష్యమాసం వచ్చింది. పొలాల్లో పసుపు ఆకు పండి వాలిపోయింది. పున్నారావు నోట్లో నాలుక బరువెక్కింది. మొదట కొస మొద్దుబారింది, తర్వాత పైన ఒక ఎండు పొర కట్టింది, తర్వాత మొత్తం కదలటం మానేసింది. నొప్పి లేదు, జబ్బు లేదు. నోట్లో పెట్టి మరిచిపోయిన వస్తువులాగా పడుంది.

ఝాన్సీ చూసి తల పట్టుకుంది. "నిద్రపోయింది బావా. ఆకు పండాక దుంప నిద్రపోద్ది. మళ్ళీ తొలకరికి లేస్తది. నా బుర్ర తగలెయ్య, పసుపోళ్ళ పిల్లనై ఉండి ఈ సంగతి ఎట్టా మర్చిపోయాను!"

పున్నారావు అటక మీది పలక దించాడు. 'యార్డు నోరు తెరిచేది మాఘంలో. నేను మూసేది మాఘంలో. ఇదేం ఏర్పాటు?'

నిజమే. పసుపు అమ్ముడుపోయేది పసుపు నిద్రపోయే కాలంలోనే. మట్టిలోంచి తవ్వాక కదా అమ్మకం! పసుపు నాలుకవాడికి ఏడాదిలో ఆర్నెల్లు మాట, ఆర్నెల్లు మౌనం. మౌనం వచ్చే ఆర్నెల్లే ఆయన బతుకు.

"ఊరికే పడుకోదు బావా అది" అంది ఝాన్సీ నెమ్మదిగా. "తోలు దళసరి చేసుకుంటది. బూజూ పురుగూ రాకుండా తలుపులేసుకుంటది. ఆగు. తొలకరికి అదే లేస్తది."

యార్డు తెరిచిన రోజు పున్నారావు తెల్ల చొక్కా వేసుకొని వెళ్ళాడు. ఎవరో ముసలి రైతు, సంగతి తెలియక, భుజం మీద చెయ్యేసి, "నా కుప్ప కాడ ఒకటి ఎయ్యి నాయనా" అన్నాడు. పున్నారావు నోరు తెరిచాడు. ముసలాయన ఆశగా నోట్లోకి చూశాడు. తర్వాత చెయ్యి తీసేశాడు.

ఇంటికొచ్చి పున్నారావు చొక్కా కూడా విప్పకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. బంగాళదుంపలు తొందరగా మొలకలెత్తటానికి వాడే మందు ఒకటి ల్యాబులో ఉంది. అది దుంప నిద్రని చెడగొడుతుంది. ఝాన్సీ దాన్ని సూదిలోకి ఎక్కించుకొని వచ్చి మంచం పక్కన కూర్చుంది. 

"నోరు తెరువు" అంది చివరికి.

*

అలాంటి సీజను కొమ్మరపాలెం చరిత్రలో లేదు. పావురాలు పారిపోయాయి. మైకు మళ్ళీ టీకొట్టుకి చేరింది. "పసుపుని పసుపే అమ్ముతోంది, మధ్యలో మీ కమీషనెందుకు?" అని దళారుల్ని ఆడుకున్నాడు పున్నారావు. ఎక్కడెక్కడి నుంచో జనం ఆయన్ని వినటానికి వచ్చారు, సెల్‌ఫోన్లలో పట్టుకుపోయారు.

నిద్రపోని నాలుక ఊరుకోదు. పెరిగింది. పెదాలు దాటి వచ్చింది. అప్పుడప్పుడూ ల్యాబుకి వెళ్ళి కొస కత్తిరించుకోవాల్సి వచ్చేది, మంగలి దగ్గర మీసం కత్తిరించుకున్నట్టు. కత్తిరించిన ప్రతి ముక్కకీ కళ్ళున్నాయి. ఝాన్సీ వాటిని పారెయ్యబోతే డైరెక్టర్ రంగనాయకులు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆయన వెనకే వాచాల బయోటెక్ అనే కంపెనీ నుంచి వినీల్ అనే ఆఫీసరు వచ్చాడు. మెత్తని బూట్లు, మెత్తని మాట.

"దేశంలో నాలుక పోగొట్టుకున్నవాళ్ళు ఎంతమంది సార్! అందరికీ మీ ముక్కే మొలిపిస్తాం. మీరు మా మదర్ ప్లాంట్."

"మదర్ ప్లాంటా! మగాణ్ణి పట్టుకొని తల్లిని చేశారు గదయ్యా!" అని పున్నారావు పగలబడి నవ్వాడు. నవ్వి, ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోవటానికి ఆయనకేం కారణం కనపడలేదు. తనలాగే పలక పట్టుకొని తిరిగేవాళ్ళకి మాట వస్తుందంటే ఎవరు కాదంటారు?

ఝాన్సీ కూడా కాదనలేదు. ఒక్కటే అడిగింది: నిల్వలో ఉంచే విత్తనపు ముక్కల్ని మటుకు లేపొద్దు, ఇసుకలో నిద్రపోనివ్వండి అని. దానికి సరేనన్నారు. మనుషుల నోళ్ళలోకి వెళ్ళినవాటికి మాత్రం ఏడాది పొడుగునా మందే.

కంపెనీ ఒకసారి నాలుకలు పెట్టించుకున్నవాళ్ళందర్నీ పిలిచి భోజనాలు పెట్టింది. చూడాలి ఆ పంక్తి! పప్పు ముద్ద నోట్లో పెట్టుకొని అందరూ ఒకేసారి, "పసుపెక్కువైంది" అన్నారు. వంటవాడు బిక్కచచ్చిపోయాడు. ఎవరు మాట్లాడినా 'ళ' దగ్గర నాలుక కాస్త ఎక్కువ మడతపడేది. అది పున్నారావు మడతే. వాళ్ళలో రమీజా అని బస్సు కండక్టర్ ఒకామె ఉంది, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. యాక్సిడెంట్లో నాలుక తెగింది. కొత్త నాలుకతో మళ్ళీ డ్యూటీలో చేరింది.

"అన్నా, నీ నాలుకైతే ఏశారు గానీ జోకులెయ్యలేదేం? బస్సులో ఒకటి ట్రై చేశా. ఒక్కడూ నవ్వలా."

"జోకులకి వేరే సూది ఉందమ్మా. నొప్పెక్కువ."

"ఎవరికి? ఏసుకున్నోళ్ళకా, ఇన్నోళ్ళకా?"

పున్నారావు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తర్వాత ఎంత నవ్వాడంటే పొలమారింది. "ఇదిగో, నా చెల్లెలు! రైట్ రైట్!" అని పంక్తంతా వినపడేట్టు అరిచాడు.

*

రెండో ఏడు పుష్యంలో రమీజా తన తల్లి మస్తానమ్మని వెంటబెట్టుకొని ల్యాబుకి వచ్చింది. నాలుక మొదట్లో మెత్తబడిందట, నీళ్ళు కారుతున్నాయట. ఝాన్సీ లైటు పట్టుకొని నోట్లోకి వంగింది. చూడకముందే తెలిసిపోయింది. ఆ వాసన. చిన్నప్పుడు తండ్రి పొలంలో ఆకు పాలిపోయిన మొక్కని పట్టి లాగితే ఊడి చేతికొచ్చి, కింద మట్టిలోంచి కొట్టిన వాసన. దుంపకుళ్ళు.

పసుపు రైతు ఒక మొక్కకి కుళ్ళు చూస్తే చుట్టూ పచ్చగా ఉన్నవాటిని కూడా తవ్వేస్తాడు. ఎందుకంటే అవన్నీ ఒకే దుంప ముక్కలు. ఒకటి దేనికి తట్టుకోలేదో మిగతావీ దానికి తట్టుకోలేవు. గింజల్నుంచి పుట్టిన మొక్కలైతే ఒకటి పోయినా ఇంకోటి నిలబడుతుంది. వీటిలో 'ఇంకోటి' లేదు. ఉన్నదల్లా మళ్ళీ మళ్ళీ అదే.

ఝాన్సీ పరుగున డైరెక్టర్ గదిలోకి వెళ్ళింది. వినీల్ కూడా అక్కడే ఉన్నాడు.

"అందరికీ మందు ఆపాలి. ఇవాళే. నిద్రపోతే తోలు కడుతుంది, కుళ్ళు లోపలికి పోదు. నిద్ర లేక తలుపులన్నీ తీసి పెట్టుకొని కూర్చున్నాయవి."

వినీల్ మెత్తగా నవ్వాడు. "ఒక్క కేసు మేడమ్. ఆర్నెల్లు మాట్లాడని నాలుకని ఎవరు పెట్టించుకుంటారు చెప్పండి? అయినా మదర్ ప్లాంట్ సార్‌కి ఏమీ కాలేదుగా? ఆయన ఆపితే అందరూ ఆపుతారు. ఆయన ఆపనిదే మేమెలా ఆపమంటాం?"

రంగనాయకులు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తన పేరు ముందున్న వ్యాసం అప్పటికే అచ్చయిపోయింది.

ఇంటికొచ్చి ఝాన్సీ సంగతంతా చెప్పింది. పున్నారావు తెల్ల చొక్కాకి ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"నువ్వు ఆపితే వాళ్ళూ ఆపుతారు బావా. నీ మాటే వింటారు."

"మాట ఆపితే మాట ఎట్టా వింటారే?"

"బావా."

"ఈ ఒక్క సీజనూ. వచ్చే వారం యార్డు తెరుస్తన్నారు. ఎంతమంది రైతులు నా మీద..."

"రమీజా కుళ్ళుతోంది బావా."

పున్నారావు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. ఏదో అనాలి. ఆ నోటికి తెలిసింది ఒకటే విద్య. "జీవితమంతా కుళ్ళు జోకులేసిన నాలుక గదే. కుళ్ళు దానికేం కొత్తా?"

ఆ మాట విని ఝాన్సీ నవ్వలేదు, ఏడవలేదు. లేచి వెళ్ళి మందు సీసా మురుగు కాలవలో పారబోసింది. "నా చేత్తో ఇంక పొడవను" అంది.

పున్నారావు మర్నాడు వినీల్ దగ్గరికి వెళ్ళి పొడిపించుకున్నాడు.

యార్డు తెరిచింది. ఆ ఏడు ఆయన గొంతు అంతకు ముందెప్పుడూ లేనంత ఖంగుమంది. కంపెనీ ఆ వేలాన్ని ఫోన్లలో అందరికీ పంపింది. చూడండి, మదర్ ప్లాంట్ సార్ ఎంత హుషారుగా ఉన్నారో! అందరూ చూశారు. అందరూ సూదులు పొడిపించుకున్నారు. మంచం మీది రమీజా కూడా చూసింది.

*

రమీజా పోయిన తర్వాత పున్నారావు వాళ్ళింటికి వెళ్ళాడు. వాకిట్లో చాప మీద నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. మస్తానమ్మ ఆయన్ని గుర్తుపట్టి, లోపల్నుంచి కుర్చీ తెప్పించి వేయించింది. ఆ మర్యాదకే ఆయన సగం చచ్చాడు.

"ఆపమని చెప్పా బాబూ దానికి. మేడంగారు కూడా ఫోన్ చేసి ఆపమన్నది. ఇంటేనా! 'అన్న ఆపలేదమ్మా. అన్నకేం కాలేదు గదా' అన్నది. నీ బొమ్మ ఏసుకొని చూసేది." చెంగుతో మూతి తుడుచుకుంది. "ఆఖర్న ఏందో చెప్పాలని తెగ ఆరాటపడింది. నోట్లో ఏం మిగల్లా. నీకేమన్నా తెలుసా బాబూ, ఏం చెప్పాలనుకుందో? నీదీ దానిదీ ఒకటే నాలుకంట గదా."

పున్నారావు నోరు తెరిచాడు. ఇరవై ఏళ్ళు ఏ కుప్ప దగ్గరా మాట కోసం తడుముకోని మనిషి. ఏమీ రాలేదు. నాలుక హుషారుగానే ఉంది, నిద్రలేకుండా, అన్నిటికీ సిద్ధంగా. దానికి అందించటానికి లోపల ఏమీ లేదు.

బస్సులో తిరిగి వస్తుంటే పక్కనున్నాయన ముక్కు మూసుకొని కిటికీ తెరిచాడు. పున్నారావు చేత్తో నోరు కప్పుకొని, అరచేతిలోకి ఊపిరి వదిలి వాసన చూసుకున్నాడు.

ఇంట్లోకి వస్తూనే ఝాన్సీ ముందు నోరు తెరిచి నిలబడ్డాడు. లైటు వెయ్యకముందే ఆవిడకి తెలిసింది.

పెద్దాసుపత్రిలో రెండోసారి కోశారు. కోసే ముందు పున్నారావు ఫోనులో మాట్లాడి అందరికీ పంపాడు. జోకు లేదు. "ఆపండి. నేనాపకపోబట్టి ఒక పిల్ల పోయింది. నేను తీయించుకుంటున్నాను. మీరు మందన్నా మానండి" అన్నాడు. సగం మంది విన్నారు. మిగతా సగం, ఇందులోనూ ఏదో తమాషా ఉందని చివరిదాకా చూసి, నవ్వు రాకపోయేసరికి ఫోను కట్టేశారు. ఎన్నాళ్ళుగానో నవ్వించిన మనిషి నిజం చెబితే నమ్మేదెవరు?

కంపెనీ పత్రికల్లో ఒక ప్రకటన వేసింది: పాత నాలుకల్లో కొద్దిపాటి ఇబ్బంది తలెత్తినా, నిల్వలోని విత్తనం ఆరోగ్యంగా ఉంది, తొలకరికి కొత్తవాళ్ళకి పెడతాం, ఎదురుచూస్తున్నవాళ్ళు దిగులుపడనక్కర్లేదు.

*

ఆ నిల్వ గది తాళం ఝాన్సీ దగ్గరే ఉంది. ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం, రంగనాయకులు భోజనానికి వెళ్ళినప్పుడు, ఆవిడ ఇసుక తొట్లన్నీ కారులోకి ఎక్కించింది. పక్క సీట్లో పున్నారావు, మూతి చుట్టూ కట్టుతో. ఇద్దరూ సాంబయ్య పొలానికి వెళ్ళారు.

సాంబయ్య పొలంలో పసుపు వండుతున్నారు. తవ్విన పచ్చి కొమ్ముల్ని పెద్ద బాణలిలో పోసి ఉడికించి, తర్వాత ఎండబెడతారు. అలా వండితేనే అది సరుకవుతుంది. ఆవిరి పొలమంతా పాకి ఉంది. ఝాన్సీ తొట్లు దించి, ఇసుక తొలిచి, తోలు దళసరిగా కట్టుకొని హాయిగా నిద్రపోతున్న ఆ ఎర్రటి పసుపు ముక్కల్ని గంపలోకి ఏరింది.

"ఏందక్కా ఇది? విత్తనమా?" సాంబయ్య గంపకి అడ్డం వచ్చాడు. "విత్తనం వండుతావా? మతుండే చేస్తున్నావా? తిండి లేని ఏడు కూడా నాయన విత్తనం జోలికి పోలేదు. వండింది మళ్ళీ మొలవదక్కా!"

"మొలవకూడదనేరా."

"కేసు పెడతారు."

"పెడతారు."

"జైల్లో ఏస్తారు!"

"ఏస్తార్రా సాంబా, జరుగు."

సాంబయ్య బావ వంక చూశాడు, నువ్వన్నా చెప్పు అన్నట్టు. అలవాటు కొద్దీ చూశాడు. చూసిన వెంటనే తల దించుకొని పక్కకి జరిగాడు.

ఝాన్సీ గంప ఎత్తింది. ఎత్తి, మళ్ళీ దించింది. లోపల్నుంచి ఒక ముక్క తీసింది. బలంగా ఉంది, అంచున వరసగా కళ్ళు.

"ఒక్కటి" అంది.  "ఒక్కదాన్ని దాయొచ్చు బావా. దీనికి కుళ్ళు లేదు. తొలకరికి నీకు పెట్టొచ్చు. ఆర్నెల్లు మాట్టాడతావు. మాఘం రాగానే పడుకోనియ్యాలి, అంతే. మందు లేకుండా, ఊరికే. పడుకోనిస్తే ఏం కాదు." ముక్కని ఆయన అరచేతిలో పెట్టింది. "మాఘంలో ఊరుకోగలవా బావా? యార్డు తెరిచినాక?"

పున్నారావు ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. బొటనవేలితో ఒక్కో కన్నూ తడిమాడు. ఝాన్సీ ఆయన ముఖం వంకే చూస్తోంది. ఆయన దూరంగా కొమ్మరపాలెం వైపు చూశాడు. అటు నుంచి గాలి వీచినప్పుడు యార్డులో మైకు అంకెలు చదవటం లీలగా వినపడుతోంది.

వంగి, ఆ ముక్కని తనే బాణలిలో వేశాడు. గంప కూడా తనే ఎత్తి కుమ్మరించాడు. నీళ్ళు ఒక్కసారి ఆగి, మళ్ళీ తెర్లాయి. ఝాన్సీ పొయ్యిలోకి ఎండు ఆకు ఎగదోసింది.

ఉడకటానికి చాలాసేపే పట్టింది.  సాంబయ్య గరిటెతో ఒక ముక్కని పైకి తీసి, ఆరడానికి గోనె మీద పడేశాడు. పసుపు ఉడికిందో లేదో పుల్ల గుచ్చి చూస్తారు. పచ్చిగా ఉంటే పుల్ల మధ్యలో ఆగుతుంది. సాంబయ్య చేతికి పుల్ల దొరికింది గాని గుచ్చటానికి చెయ్యి రాలేదు. పున్నారావు చెయ్యి చాపి ఆ పుల్ల తీసుకున్నాడు.

గుచ్చాడు. ఎక్కడా ఆగలేదు.